రష్యన్ ‘గొరా’, మన ‘గిరి’ ఒకే మూలం నుంచి వచ్చాయా?

ప్రశ్న (విజయనగరం)
విశాఖ ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో మా నాన్నగారు సోవియట్ నిపుణులతో పనిచేస్తూ కొంత రష్యన్ నేర్చుకున్నారు. ఆయన నోటుపుస్తకంలో ‘గొరా: కొండ’ అని చూసినప్పటినుంచి, మన పుణ్యగిరి, మహేంద్రగిరి పేర్లలోని ‘గిరి’కీ దానికీ చుట్టరికం ఉందేమోనన్న ఆలోచన నన్ను వదలడం లేదు. పైగా బల్గేరియన్‌లో ‘గొరా’ అంటే అడవి అట. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (శ్రీకాకుళం)
చుట్టరికం ఉన్నదండి, కానీ అది అరువు తెచ్చుకున్న మాట కాదు. సంస్కృత ‘గిరి’, ప్రాచీన ఇరానియన్ భాష అయిన అవెస్తాలోని ‘గైరి’, రష్యన్ వంటి స్లావిక్ భాషల ‘గొరా’ మూడూ వీటన్నిటికీ తల్లి అయిన ఇండో-యూరోపియన్ మూలభాషలోని ఒకే ధాతువు నుంచి వేర్వేరు దారుల్లో దిగివచ్చాయి. పోలిష్‌లో అది ‘గూరా’. చెక్, స్లోవాక్, ఉక్రేనియన్ భాషల్లో గకారం హకారమై ‘హొరా’. మాంటెనెగ్రో ప్రజలు తమ దేశాన్ని ‘త్స్ర్నా గోరా’, అంటే నల్లకొండ అంటారు. తెలుగులో మాత్రం ‘గిరి’ తత్సమం, ‘కొండ’ మన ద్రావిడ పదం.

జవాబు (పాతపట్నం)
అడవి అర్థం బల్గేరియన్‌కే పరిమితం కాదు. లిథువేనియన్‌లో ‘గిర్యా’ అంటే అడవి, దానికి దగ్గరి బంధువై, అంతరించిపోయిన ప్రాచీన ప్రష్యన్‌లో ‘గర్యన్’ అంటే చెట్టు, సెర్బియన్ ‘గోరా’కు నేటికీ రెండర్థాలూ ఉన్నాయి. మా ఊళ్లో “కొండకెళ్లారు” అంటే కట్టెలకో, అడ్డాకులకో, పోడు పనికో వెళ్లారని అర్థమే తప్ప శిఖరం ఎక్కారని కాదు. కొండను దాని మీది చెట్లతోనే ఎరిగినవారికి ఆ రెండూ ఒకటే కావడం నాకు సహజంగా తోస్తుంది. బల్గేరియన్లు పర్వతానికి ‘ప్లానినా’ అంటారు. దాని మూలార్థం చెట్లు లేని ఎత్తు బయలు. కార్పాతియన్ కొండల మీది పచ్చిక బయళ్లను పోలిష్‌వారు ‘పొవొనినా’ అనడంలో ఆ పాత అర్థం నిలిచి ఉంది.

అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. నోటుపుస్తకంలో ఆ పక్కనే ‘గోరె: దుఃఖం’ అని కూడా ఉంది. అదీ ఈ ధాతువేనా?

జవాబు (శ్రీకాకుళం)
కాదండి. ‘గోరె’ మండడం అనే అర్థమున్న ‘గరేత్’ క్రియకు బంధువు. దాని సంస్కృత జ్ఞాతి ‘ఘర్మ’, అనగా వేడి. మూలభాషలో వేరువేరుగా ఉన్న రెండు ధ్వనులు స్లావిక్‌లో ఒకే గకారంగా కలిసిపోగా, సంస్కృతం గ, ఘలుగా వాటి భేదాన్ని నిలుపుకొన్నది. అందుకే రష్యన్‌లో కవలల్లా కనిపించే ఈ మాటలు ‘గిరి’, ‘ఘర్మ’ల పక్కన పెట్టగానే విడిపోతాయి.