17 మంది పిల్లల బడి: ఉంచాలా, కలపాలా?

కొబ్బరితోట
మాది విజయనగరం జిల్లాలో చిన్న ఊరు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి ఐదు దాకా కలిపి 17 మంది పిల్లలు, ఒక్క మాస్టారు. 2024 ఆగస్టు ఎన్నికల్లో నన్ను స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ చైర్మన్‌ని చేశారు. ఎందుకంటే ఆ రోజు మీటింగుకి వచ్చిన మగవాళ్లలో ఖాళీగా ఉన్నది నేనొక్కడినే.

ఇప్పుడు 3, 4, 5 తరగతుల వాళ్లని రెండు కిలోమీటర్ల అవతల ఉన్న మోడల్ ప్రైమరీ స్కూల్‌కి పంపుతామని కమిటీ తీర్మానం ఇమ్మంటున్నారు. పోయినేడు అడిగితే వద్దన్నాం. అప్పుడు 24 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. బడులు తెరిచేసరికి పిల్లలు తగ్గారు, సర్దుబాటు అంటూ రెండో మేడమ్‌ని వేరే ఊరు పంపేశారు. అది చూసి ఇంకో ముగ్గురు ప్రైవేటుకి వెళ్లిపోయారు.

పాత సంగతి తెలియని వాళ్ల కోసం. 2022 జూన్‌లో అప్పటి ప్రభుత్వం 117 జీవో ఇచ్చి ఈ మూడు తరగతుల్నీ దగ్గర్లోని హైస్కూళ్లకి మార్చింది. ఊళ్లలో గొడవలయ్యాయి. ఇప్పటి ప్రభుత్వం 2025 మేలో దాన్ని తీసేసి 19, 20, 21 జీవోలు తెచ్చింది. హైస్కూలు బదులు ఇప్పుడు తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూలు. మా ఊరి ముందున్న ప్రశ్న మాత్రం మారలేదు. సగం మంది పంపేద్దాం అంటున్నారు, సగం మంది ఒప్పుకుంటే ఊరుకోం అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

నల్లబల్ల
నేను ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని. పదకొండేళ్లలో ఆరేళ్లు ఏకోపాధ్యాయ బడిలోనే చేశాను. అన్నా, పంపేయండి.

ఒకటి, రెండు తరగతులకి మూడేసి సబ్జెక్టులు, మిగతా మూడింటికి నాలుగేసి. మొత్తం 18. ఒకటో తరగతి పిల్లకి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి పిల్లాడు భాగహారం చేసి పలక పట్టుకుని నిలబడి ఉంటాడు. వాడి లెక్క చూసేలోపు రెండో తరగతిలో ఎవరో ఎవరినో గిల్లుతారు. మధ్యలో హాజరు యాప్, గుడ్ల లెక్క, ఫొటోల అప్‌లోడ్. నేను సెలవు పెడితే బడికి తాళమే. మా అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు మూడు రోజుల సెలవు కోసం పక్క బడి మాస్టారిని బతిమాలాల్సి వచ్చింది.

కేంద్రం ఏటా బడుల నుంచి సేకరించే యూడైస్ లెక్కల్లో, 2024-25కి, దేశం మొత్తం మీద ఒకే టీచరున్న బడులు లక్ష దాటాయి. అందులో మన రాష్ట్రానివి 12,912. దేశంలో మనదే మొదటి స్థానం. ఊళ్లో బడి ఉందని మీరు సంతోషపడతారు, లోపల చదువు ఎంత జరుగుతుందో నాకు తెలుసు.

రైల్వేగేటు
మాస్టారూ, మీ కష్టం అర్థమైంది. కానీ ఆ ఒక్క టీచరూ ఎలా వచ్చారో కూడా చెప్పండి. విద్యాహక్కు చట్టంలో 60 మంది వరకూ ఇద్దరు టీచర్లు ఉండాలని ఉంది. 17 మందైనా ఇద్దరే. మన జీవో మాత్రం బేసిక్ ప్రైమరీ స్కూల్లో, అంటే ఒకటి నుంచి ఐదు దాకా ఉండే మామూలు బడిలో, 20 మంది వరకూ ఒక్కరు చాలంటుంది. ముందు రెండో టీచర్ని తీసేస్తారు. చదువు సాగడం లేదని పిల్లలు మానేస్తారు. పిల్లలు లేరు కాబట్టి తరగతులు ఎత్తేస్తాం అంటారు. కొబ్బరితోట గారి ఊళ్లో 24 మంది 17 అయింది ఇలాగే కదా!

మా ఊరి సంగతి చెబుతాను. 2022లో 117 జీవో కింద మా పాపని హైస్కూలుకి మార్చారు. మధ్యలో హైవే. ఎనిమిదేళ్ల పిల్ల లారీల మధ్య రోడ్డు దాటాలి. నేను కూలి మానుకుని రోజూ రెండుసార్లు తీసుకెళ్లి తెచ్చేదాన్ని. నెల తిరిగేసరికి నలుగురు ఆడపిల్లల్ని బడి మాన్పించి, ఇంట్లో తమ్ముళ్లని ఆడించమన్నారు. ఆ నలుగురూ ఏ రిజిస్టర్లో కనిపిస్తారు?

నల్లబల్ల
చట్టం మాట నిజమే అమ్మా, కాదనను. కానీ చట్టం రాసిన ఇద్దరూ వచ్చేదాకా ఈ 17 మంది ఆగుతారా? వాళ్లకి ఏడాది పోతే పోయినట్టే. ఇద్దరొచ్చినా మనిషికి రెండున్నర తరగతులు.

పావలా_చాక్‌పీసు
డబ్బు లెక్క ఎవరూ మాట్లాడరేం. సీనియర్ టీచరు జీతం నెలకి లక్ష అనుకోండి, ఏడాదికి 12 లక్షలు. 17 మందికి పంచితే తలకి 70 వేలు. పక్క టౌన్లో ప్రైవేటు బడి ఫీజు 20 వేలు, వ్యాన్‌తో కలిపి 30. ఎవరు ఏమన్నా ఇది ప్రజల డబ్బు.

రైల్వేగేటు
ఆ ప్రైవేటు బడిలో టీచరమ్మకి ఎనిమిది వేలు ఇస్తారు, అందుకే 20 వేలు. ఆ లెక్కా వేయండి బాబూ.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
పావలా గారూ, జీతం లెక్క చెప్పారు, బడి చేతికి వచ్చే డబ్బు లెక్క చెప్పలేదు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడికి ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 30 మంది లోపు ఉంటే ఏడాదికి 10,000 రూపాయలు. నెలకి 833. ఇందులోనే రిజిస్టర్లు, చాక్‌పీసులు, చీపుర్లు, బోరు మోటారు రిపేరు. 100 మంది ఉంటే 25,000. కాబట్టి చిన్న బడి ఎప్పుడూ బీదదే. ఇది కలపమనడానికీ పనికొస్తుంది, గ్రాంటు పెంచమనడానికీ పనికొస్తుంది. ఎవరికి కావలసినట్టు వాళ్లు వాడుకోండి.

ఇంకో మాట. తల్లికి వందనం కింద పిల్లకి 15,000 అని చెప్పి తల్లి ఖాతాలో 13,000 వేసి, 2,000 బడుల నిర్వహణకి, మరుగుదొడ్లకి అని పట్టుకున్నారు. ఆ 13,000 ప్రభుత్వ బడిలో చదివినా వస్తుంది, ప్రైవేటులో చదివినా వస్తుంది. వ్యాన్ ఫీజు ప్రభుత్వమే కట్టి, మా బడిలో పిల్లలు లేరేంటని మళ్లీ ప్రభుత్వమే అడుగుతుంది.

డాలస్_బావ
అందరికీ నమస్కారం. పుట్టింది శ్రీకాకుళం, ఇప్పుడు టెక్సస్‌లో ఫ్రిస్కో. ఇక్కడి పద్ధతి చెబితే పనికొస్తుందేమో. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే అదొక విడి ప్రభుత్వం. జనం ఓట్లేసి బోర్డు సభ్యుల్ని ఎన్నుకుంటారు. ఆ బోర్డే సూపరింటెండెంట్‌ని పెట్టుకుంటుంది, ఇంటి పన్నులో బడి వాటా రేటు నిర్ణయిస్తుంది, బడి మూయాలన్నా అదే ఓటేస్తుంది. మీ ఊరి బడి మీద మీకు ఆ అధికారం ఉంటే ఈ గొడవే లేదు కదా?

పావలా_చాక్‌పీసు
వచ్చాడండీ అమెరికా బావ. మా ఊరి ఇంటి పన్నుతో వీధి దీపం బల్బు కూడా రాదు. ఆ పన్నుతో బడి నడిపితే చాక్‌పీసులు కూడా అప్పు తేవాలి.

డాలస్_బావ
ఒప్పుకుంటాను బావా. ఇక్కడ కూడా అదే పేచీ. ఖరీదైన ఇళ్లున్న డిస్ట్రిక్ట్‌కి డబ్బు ఎక్కువ, లేని చోట తక్కువ. అందుకే ఎక్కువ ఉన్న వాళ్ల దగ్గర కొంత రాష్ట్రం లాక్కుంటుంది, దానికి జనం పెట్టుకున్న పేరు రాబిన్ హుడ్. 2024 నవంబర్‌లో మా డిస్ట్రిక్ట్ పన్ను రేటు పెంచుతామని ఓటు అడిగితే జనం కుదరదన్నారు. ఇంకో తమాషా, నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఏడాదికి వేల డాలర్లు బడి పన్ను కడతాను, ఓటు మాత్రం లేదు. ఈ విషయంలో కొబ్బరితోట గారే నయం, కనీసం చైర్మన్.

కొబ్బరితోట
చైర్మన్‌ని నిజమే బావా. రెండో మేడమ్‌ని పంపేసినప్పుడు నాకు చెప్పలేదు, పిల్లలు చెప్పారు.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
నాయనా, స్థానిక అధికారం అని అందరూ ముద్దుగా అంటున్నారు. నేను 1978లో ఉద్యోగంలో చేరాను, సమితి బడిలో. 1959 నుంచి పంచాయతీ సమితులు మన దగ్గర ప్రాథమిక బడులు నడిపాయి. అంటే మీరు కోరుకుంటున్నది ఒకప్పుడు ఉండేదే. ఎలా ఉండేదో చెప్పనా? బదిలీ ఆపుకోవాలంటే సమితి ప్రెసిడెంటు గారి అరుగు మీద కూర్చోవాలి. ఎన్నికలప్పుడు ఆయన మనిషి వెనక తిరగాలి. తిరగని వాడికి బస్సు లేని ఊరు. నా మొదటి పోస్టింగ్‌కి వర్షాకాలంలో గెడ్డ దాటి వెళ్లేవాణ్ణి, పంచె నెత్తికి చుట్టుకుని. నేను ఓటు అడగడానికి రానన్నందుకు అది.

అందుకే టీచర్లే అధికారం రాష్ట్రం చేతికి పోతే బాగుండని కోరుకున్నారు. పోయింది. ఇప్పుడు బడి ముందు బోర్డు మీద మండల పరిషత్, జిల్లా పరిషత్ అని పేరుంటుంది. జీతం ట్రెజరీ నుంచి, బదిలీ విద్యాశాఖ నుంచి, పాఠం విజయవాడ నుంచి. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో 17వ అంశంగా ప్రాథమిక, మాధ్యమిక విద్య రాసి ఉంది, పంచాయతీలకి ఇవ్వొచ్చని. మండల అధ్యక్షుల వారు ఆగస్టు పదిహేనుకి జెండా ఎగరేసి బిస్కెట్లు పంచి వెళతారు. ఒక చివర నుంచి ఇంకో చివరకి వచ్చాం. సమితి ప్రెసిడెంటు నోరు మూయించాం సరే, తల్లుల నోరు కూడా మూతబడింది.

చిట్టి_అంగన్వాడీ
నేను అంగన్వాడీ టీచర్ని. మీరంతా మూడో తరగతి దగ్గర కొట్టుకుంటున్నారు. బడి ఖాళీ అయ్యేది అక్కడ కాదు. మా సెంటర్లో మూడేళ్ల పిల్లలు పదకొండు మంది ఉండేవారు. నాలుగో ఏడు రాగానే ఆరుగురు టై కట్టుకుని ఎల్‌కేజీ వ్యాన్ ఎక్కారు. ఒక్కసారి వ్యాన్ ఎక్కిన పిల్ల ఐదేళ్లకి దిగి సర్కారు బడికి వస్తుందా? ఆ తల్లులు కింది పిల్లల బాలామృతం కోసం ఇప్పటికీ నా దగ్గరికొస్తారు, అడిగితే “అక్కడ ఇంగ్లీషు రైమ్స్ చెబుతారక్కా” అంటారు. ఎల్‌కేజీ, యూకేజీ బడిలోనే పెట్టి, దానికో మనిషిని ఇస్తే మీ 17 రెండేళ్లలో 30 అవుతుంది. నాది చిన్న నోరు, చెప్పాను.

నల్లబల్ల
చిట్టమ్మా, ఈ చర్చలో పనికొచ్చే మాట ఇదొక్కటే. నాతో సహా.

పావలా_చాక్‌పీసు
చిన్న బడి, పేద ఊరు కాబట్టి చదువు రాదనేది కూడా ఒట్టి మాట. 2025 పది ఫలితాల్లో రాష్ట్రంలో మొదటి స్థానం పార్వతీపురం మన్యం, 93.90 శాతం. గుంటూరు, కృష్ణా కాదు.

నల్లబల్ల
ఇందాక 70 వేలు దండగ అన్నది మీరే కదా! సరే. ఆ జిల్లాలో ఆశ్రమ పాఠశాలలు ఎక్కువ, రాత్రి పూట కూడా టీచర్లు కూర్చోబెడతారు. పైగా అదే ఏడాది ఆఖరున ఉన్నదీ ఏజెన్సీ జిల్లానే, అల్లూరి సీతారామరాజు, 47.64. పది పాసు శాతం చూసి మూడో తరగతి బడి సంగతి తేల్చలేం. మూడో తరగతి పిల్ల రెండో తరగతి పుస్తకం చదవగలదా, అది చూడాలి. పల్లెటూరి పిల్లల చదువు చూసే అసర్ సర్వేలో దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో అలా చదవగలిగిన వాళ్లు 2022లో 16.3 శాతం, 2024లో 23.4. పెరిగినా నలుగురిలో ఒక్కరు లేరు. కొబ్బరితోట గారూ, తీర్మానం గురించి పోట్లాడే ముందు మీ బడి పిల్లల చేత ఓ పేజీ చదివించి చూడండి.

కొబ్బరితోట
చదివించాను మాస్టారూ. మొన్న ఆదివారం రామాలయం అరుగు మీద. మూడు, నాలుగు, ఐదు తరగతుల వాళ్లు తొమ్మిది మంది. నలుగురు గడగడా చదివారు. ఇద్దరు కూడబలుక్కున్నారు. ముగ్గురికి అసలు రాలేదు, అందులో ఒకడు మా వాడు. ఇంట్లో రోజూ పుస్తకం ముందు కూర్చుంటాడు. నేను చదువుతున్నాడనే అనుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడా నేనూ సరిగ్గా అన్నం తినలేదు.

రైల్వేగేటు
అన్నా, బాధపడకండి. కానీ సంతకం పెట్టేముందు ఆటో సంగతి రాయించుకోండి. దూరమైతే పిల్లకి ఏడాదికి 6,000 వరకూ రవాణా భత్యం ఇవ్వొచ్చని సమగ్ర శిక్షలో ఉంది. మా మండలంలో అది వచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి. ఆటోవాడు నెల నెలా అడుగుతాడు, డబ్బు ఏడాది చివర్లో వస్తుంది.

కొబ్బరితోట
నిన్న మీటింగ్ అయింది. తల్లులే ఎక్కువ వచ్చారు. రిజిస్టర్లో ఇలా రాశాం: “ఆటో ఏర్పాటై, మొదటి నెల డబ్బు ముందుగా ఇచ్చి, చెరువు గట్టు మలుపు దగ్గర ఉదయం సాయంత్రం మనిషిని పెట్టిన రోజు నుంచి 3, 4, 5 తరగతుల పిల్లల్ని పంపుతాం. 1, 2 తరగతులు ఇక్కడే ఉండాలి, ఎల్‌కేజీ ఇక్కడే పెట్టాలి. ఏడాది తర్వాత పిల్లల చేత చదివించి చూసి, మెరుగు లేకపోతే వెనక్కి తెచ్చుకుంటాం.” పదకొండు సంతకాలు, నాలుగు వేలిముద్రలు.

ఫొటో తీసి పైకి పంపితే సాయంత్రం ఫోన్ వచ్చింది. పైనుంచి వచ్చిన ఫార్మాట్‌లో అంగీకారం, అనంగీకారం అని రెండే గడులున్నాయట. షరతులు రాయడానికి చోటు లేదట. ఏదో ఒకదాంట్లో టిక్ పెట్టి రేపు మధ్యాహ్నంలోగా పంపమన్నారు.

డాలస్_బావ
మరి ఏ గడిలో పెట్టారు?

కొబ్బరితోట
ఇంకా పెట్టలేదు. కాగితం టీవీ మీద ఉంది. మా వాడు దాన్ని చూసి “అం... గీ...” అని కూడబలుక్కుంటున్నాడు.