విశాఖ నుంచి ఏఎఫ్ఎల్‌కి దారుందా? 17 ఏళ్ల హైజంపర్ గురించి

బీచ్‌రోడ్డు_17:
కుర్రాడికి 17 ఏళ్లు, ఎత్తు 194 సెం.మీ. ఏయూ గ్రౌండ్‌లో హైజంప్, వాలీబాల్ సాధన. ఇప్పుడు మనసంతా ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ మీద, దాని పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్ మీదే. ఇంటర్ అయ్యాక స్టూడెంట్ వీసా మీద మెల్‌బోర్న్ వెళ్లి, లోకల్ క్లబ్బులో చేరి, మెల్లగా పైకి ఎదగాలని ప్లాను. నడిచే దారేనా? ఈలోగా ఇక్కడ ఏం నేర్చుకోవాలి? ఊరడింపు మాటలొద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి.

సీతమ్మధార రక్‌మన్:
ప్లానులో ఒక మెలికుందండి. మామూలు దారి నేషనల్ డ్రాఫ్ట్. ఏటా నవంబరులో 18 క్లబ్బులూ వరసగా కుర్రాళ్లను ఎంచుకుంటాయి. ఆ ఏడాది డిసెంబరు 31కి 18 నిండాలి. అక్కడి పిల్లలు బడి వయసు నుంచే ఈ బంతి తన్నినవాళ్లు, తన్నుడులో వాళ్లతో మనవాడు తూగడు. వేరే ఆటల నుంచి వచ్చేవాళ్ల కోసం కేటగిరీ-బి రూకీ అని ఇంకో తలుపుంది. దాని షరతు ఏటంటే, అంతకుముందు మూడేళ్లు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ పోటీల్లో రిజిస్టరై ఉండకూడదు. అంటే లోకల్ క్లబ్బులో పేరు రాయించుకున్నాడా, ఆ తలుపు మూసుకున్నట్టే. రెండు పడవల మీద కాళ్లు కుదరవు, వీసాకి ముందే తేల్చుకోండి.

కేటగిరీ-బి అయితే క్లబ్బుకి అంకెలు చూపించాలి: 20 మీటర్ల పరుగు, పరుగెత్తి ఎగిరే ఎత్తు, 2 కి.మీ. టైము. 20 మీటర్లు 2.9 సెకన్ల లోపైతే మేటి. ఎలక్ట్రానిక్ టైమింగే తీయించండి; చేతి స్టాప్‌వాచ్ 0.2 సెకన్ల దాకా తక్కువ చూపిస్తుంది, అది వాళ్లకీ తెలుసు. మేసన్ కాక్స్ అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడినవాడు, 211 సెం.మీ.; 2023లో కాలింగ్‌వుడ్ క్లబ్బు తరఫున ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచాడు. మైక్ పైక్ కెనడా రగ్బీ నుంచి వచ్చి 2012లో సిడ్నీ క్లబ్బు తరఫున అదే గెలిచాడు. ఇద్దరూ వేరే ఆటలో పెద్ద స్థాయి చూసి వచ్చినవాళ్లు. అందుకే హైజంప్ మానిపించకండి, అదే మీవాడి పెట్టుబడి.

లోకల్ దారే అనుకుంటే, స్టూడెంట్ వీసా మీద పక్షానికి 48 గంటలే పని. క్లబ్బు మ్యాచ్‌కి డబ్బిస్తే అది ఏ లెక్కలోకి వస్తుందో ముందే అడగండి.

కంచరపాలెం_పంట్:
నేర్చుకోవాల్సింది డ్రాప్ పంట్ (చేతిలోంచి వదిలిన బంతిని నేలకి తగలకముందే తన్నడం), మిగతావన్నీ తర్వాత. కుడికాలివాడికి బంతి నిలువుగా, పై కొన కాస్త తనవైపు వాలి ఉండాలి. వేళ్లు రెండు పక్కలా విప్పి పట్టాలి. ముందు ఎడమచెయ్యి వదలాలి, కుడిచెయ్యి తుంటి ఎత్తు దాకా బంతిని దింపి అక్కడ వదిలేయాలి. విసరకూడదు, వదలాలి! కాలి బొటనవేలు సాచి, చీలమండ కీలు బిగించి, పాదం పైభాగంతో కింది కొనను కొట్టాలి. సరిగ్గా పడితే బంతి కొన మీద కొనగా వెనక్కి తిరుగుతూ పోతుంది. పక్కకి తిరుగుతోందంటే తప్పు కాలిది కాదు, వదిలిన చేతిది. ఛాతీ ఎత్తు నుంచి వదిలితే కిందికి వచ్చేలోపు ఒరిగిపోతుంది, మన సముద్రపు గాలికైతే మరీను. 15 మీటర్లలో 20కి 16 సూటిగా వెళ్లాకే 30కి వెళ్లండి.

సాధన ఆర్కే బీచ్ ఇసుకలో వద్దు. ఈ ఆటలో బంతి పట్టుకుని 15 మీటర్లకి మించి పరుగెత్తాలంటే దాన్ని ఒకసారి నేలకి తాకించాలి, ఇసుకలో అది లేవదు. పచ్చిక ఉన్న క్రికెట్ గ్రౌండ్ వెతుక్కోండి. అసలు ఆట జరిగేదీ అలాంటి గుండ్రటి మైదానంలోనే.

గాజువాక బెంచ్:
పై ఇద్దరూ ట్యాకిల్ ఊసెత్తలేదు. మన కుర్రాళ్లకి కబడ్డీ అలవాటు, చెయ్యి ముందు చీలమండకే పోతుంది. ఇక్కడ భుజాల కింద, మోకాళ్ల పైన మాత్రమే పట్టాలి. మోకాలి కింద పట్టినా, వీపు మీద తోసినా ఫ్రీ కిక్.

రూల్సు కూడా చదివించండి. 1987 ప్రిలిమినరీ ఫైనల్లో (ఫైనల్‌కి ముందు మ్యాచ్) ఐర్లాండ్ నుంచి వచ్చిన మెల్‌బోర్న్ ఆటగాడు జిమ్ స్టైన్స్, బంతి తన్నబోయే ఎదుటి జట్టు ఆటగాడు బకెనారా ముందు నుంచి అడ్డంగా పరుగెత్తాడు. కిక్‌ని 15 మీటర్లు ముందుకి జరిపే పెనాల్టీ, ఆఖరి సైరన్ తర్వాత బకెనారా గోల్, మెల్‌బోర్న్ 2 పాయింట్లతో ఓడింది. అదే మనిషి 1991లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే ‘బ్రౌన్‌లో’ మెడల్ గెలిచాడు, అది వేరే సంగతి. ఇప్పుడైతే ఆ పెనాల్టీ 50 మీటర్లు.

హైజంపర్ పరుపు మీద పడతాడు, మార్క్ (తన్నిన బంతిని గాల్లోనే పట్టడం) పట్టినవాడు గట్టినేల మీద ఒంటికాలి మీద దిగుతాడు. మోకాలు నిటారుగా ఉండి ఒళ్లు మెలితిరిగితే ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగొచ్చు, ఆ సీజన్ పోయినట్టే. 40 సెం.మీ. పెట్టె మీద నుంచి ఒంటికాలి మీద దిగి, మోకాలు లోపలికి వాలకుండా రెండు సెకన్లు నిలవాలి. కాలికి 6 చొప్పున 3 సెట్లు, వారానికి మూడుసార్లు. తలకి దెబ్బ తగిలి కంకషన్ అయితే ఏఎఫ్ఎల్‌లో కనీసం 12 రోజులు ఆట లేదు. ఇక్కడా అదే పాటించండి.

బీచ్‌రోడ్డు_17:
ధన్యవాదాలండీ. హైజంప్ కొనసాగిస్తాడు. అసలు బంతి వచ్చేదాకా రగ్బీ బంతి సరిపోతుందా?

కంచరపాలెం_పంట్:
పట్టుకోడానికి పర్లేదు, తన్నడానికి వద్దు. రగ్బీ బంతి నడుము చుట్టుకొలత 58 నుంచి 62 సెం.మీ., దీనిది 54.5 నుంచి 55.5. లావుబంతికి అలవాటుపడ్డ చెయ్యి దీన్ని ఒరిగించి వదులుతుంది. బంతి వచ్చాక గాలి 9 నుంచి 11 పీఎస్ఐ మధ్య ఉంచండి. వాలీబాల్ పంపే చాలు, సూదికి కాస్త తడి చేసి గుచ్చండి.