యూరప్‌లో హీరో, బయటికొస్తే జీరో: హాకీలో ఇది ఎందుకు జరుగుతుంది?

గచ్చిబౌలి గోలీ

అందరికీ నమస్కారం. 2024-25 హాకీ ఇండియా లీగ్ చూసినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలట్లేదు. హైదరాబాద్ తూఫాన్స్ జట్టు పేరులో మన ఊరుంది గానీ ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు, అంతా టీవీలోనే చూశాం. ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్ 4-3తో బెంగాల్ టైగర్స్ చేతిలో పోయింది. బెంగాల్ ఆటగాడు జుగ్‌రాజ్ హ్యాట్రిక్ కొట్టాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, అది వేరే సంగతి.

నా ప్రశ్న ఇది. నెదర్లాండ్స్ లీగ్‌లోనో జర్మన్ బుండెస్‌లిగాలోనో దుమ్ము దులిపే ఆటగాళ్ళు కొందరు ఇక్కడికి రాగానే ఎక్కడున్నారో కూడా తెలియదు. ఇంకొందరు ఎక్కడ దింపినా ఆడేస్తారు. తేడా ఎక్కడుంది? ఎవరినీ తిట్టడానికి కాదు, కారణాలు కావాలి. టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద ఆడినవాళ్ళు మాట్లాడితే ఇంకా మంచిది.

నల్లకుంట నిజం

ఎండ, ఉక్కపోత, మసాలా. అయిపోయింది. టాపిక్ క్లోజ్.

గచ్చిబౌలి గోలీ

అన్నా, రూర్కెలాలో డిసెంబర్, జనవరి రాత్రులు. స్టాండ్స్‌లో జనం స్వెటర్లు వేసుకుని కూర్చున్నారు. ఎండ ఎక్కడిది?

పాత సెంటర్ హాఫ్

బాబూ, నేను సికింద్రాబాద్‌లో ఒక డిపార్ట్‌మెంట్ టీముకు పదిహేనేళ్ళు ఆడాను. మీరు అడిగింది కొత్త ప్రశ్నలా కనిపిస్తుంది గానీ మా కాలంలో దీన్నే ఇంకో రూపంలో చూశాం. గడ్డి నుంచి టర్ఫ్‌కి మారినప్పుడు.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ టర్ఫ్ వేశారు. మన దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. మా టీములో ఒక లెఫ్ట్ ఇన్, అంటే ఎడమవైపు ఫార్వర్డ్, ఉండేవాడు. గడ్డి మీద బంతి ఎగుడుదిగుడుగా వస్తుంది కదా, దాన్ని కర్రకు అంటించుకుని ముగ్గురిని దాటేసేవాడు. అతని కోసమే జనం వచ్చేవాళ్ళు. మొదటిసారి టర్ఫ్ మీద నేషనల్స్ ఆడాం. బంతి సర్రున వస్తోంది. అతను ట్రాప్ చేసి, తల ఎత్తేలోపు ఇద్దరు మీద పడుతున్నారు. రెండు మ్యాచ్‌లు అయ్యాక బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఆ మూడు రోజుల్లో అతని స్టిక్ వర్క్ ఎక్కడికీ పోలేదు. దాన్ని వాడుకునే అర సెకను పోయింది, అంతే.

మన హైదరాబాద్ నుంచే ముఖేష్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడాడు. ఇక్కడ ఆట లేదనే వాళ్ళకు నేను చెప్పే పేరు అది.

మాన్‌హైమ్ టు మణికొండ

అంకుల్ చెప్పిన అర సెకను మీద నేనో మాట చెప్పాలి. నేను జర్మనీలో ఎమ్మెస్ చేసినప్పుడు ఒక క్లబ్‌లో ఆడాను. పెద్దగా ఊహించుకోకండి, నాలుగో టీము. ఆట అయ్యాక బీరు తాగడానికే వచ్చే బ్యాచ్ మాది. కానీ అదే క్లబ్ మొదటి టీము బుండెస్‌లిగాలో ఉండేది, పక్క టర్ఫ్ మీదే ప్రాక్టీస్. రోజూ చూసేవాణ్ణి.

మొదటి నెల నా పరిస్థితి ఘోరం. హైదరాబాద్‌లో కాలేజీ టీములో నన్ను డ్రిబ్లర్ అనేవారు. అక్కడ ఇద్దరిని దాటేసి వెనక్కి చూస్తే ఎవరూ మెచ్చుకోవట్లేదు, ఒక్కడూ చప్పట్లు కొట్టట్లేదు. మా కెప్టెన్ స్కూల్ టీచర్, చాలా మర్యాదస్తుడు. పక్కకు పిలిచి, "నువ్వు బంతి పట్టుకున్నంతసేపు మిగతా వాళ్ళం నిలబడి చూస్తున్నాం" అన్నాడు. సిగ్గేసింది. నాకు లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) ఇచ్చారు, బంతిని రెండుసార్లు తాకేలోపు పాస్ ఇచ్చేయాలి అన్నారు.

ఇక అసలు విషయం. ఆ మొదటి టీములో సగం మంది ఏడెనిమిదేళ్ళ వయసు నుంచి అదే క్లబ్‌లో కలిసి ఆడుతున్నారు. ఒకడు లా చదువుతున్నాడు, ఒకడు ఆఫీసుకు వెళ్తాడు. సాయంత్రాలు ప్రాక్టీస్, వారాంతంలో మ్యాచ్. చలికాలంలో టర్ఫ్ లీగ్ ఆగిపోతే హాలులోకి వెళ్ళి ఇండోర్ ఆడతారు. చిన్న కోర్టు, పక్కన చెక్క బోర్డులు, బంతిని కొట్టకూడదు, తోయడమే. అక్కడ పాస్ తప్ప వేరే గతి లేదు. పన్నెండేళ్ళు ఇలా ఆడితే ఏమవుతుంది? తల తిప్పకుండానే పాస్ ఇస్తారు, ఎందుకంటే అక్కడ ఎవడుంటాడో తెలుసు.

ఇప్పుడు అతన్నే వేలంలో కొని, కొద్ది రోజుల ప్రాక్టీసుతో ముక్కూమొహం తెలియని వాళ్ళ మధ్య దింపండి. అలవాటైన చోటికే పాస్ ఇస్తాడు. అక్కడ ఎవరూ లేరు. బంతి బయటికి పోతుంది. టీవీలో "చెత్త పాస్" అంటారు. నేనైతే దాన్ని చెత్త పాస్ అనను.

గచ్చిబౌలి గోలీ

ఇది కొత్త కోణం బ్రదర్. ఇంకోటి ఇప్పుడే తట్టింది. హాకీ ఇండియా లీగ్ డిసెంబర్ 28న మొదలైంది. అంటే వాళ్ళ దగ్గర టర్ఫ్ లీగ్‌కి సెలవు. కొందరు సెలవుల్లోంచి, కొందరు ఇండోర్ హాల్లోంచి నేరుగా విమానం ఎక్కి వచ్చారన్నమాట. మ్యాచ్ వేడి లేకుండా.

మాన్‌హైమ్ టు మణికొండ

కరెక్ట్. పైగా అక్కడ ఆదివారం ఓడిపోతే మళ్ళీ ఆదివారం దాకా టైముంది. ఇక్కడ నెల చిల్లర రోజుల్లో లీగ్ మొత్తం అయిపోతుంది. ఫామ్ పోతే సరిచేసుకునేలోపు రిటర్న్ టికెట్ వచ్చేస్తుంది.

నల్లకుంట నిజం

ఇవన్నీ సాకులు. జేమీ డ్వయర్ ఆస్ట్రేలియా వాడు, నెదర్లాండ్స్ క్లబ్ బ్లోమెండాల్‌లో ఆడాడు, ఇక్కడ పంజాబ్ వారియర్స్‌కీ ఆడాడు. ఎక్కడైనా డ్వయర్ డ్వయరే. మన ధనరాజ్ పిళ్ళై ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, మలేసియా అన్నిచోట్లా క్లబ్బులకు ఆడాడు. దమ్మున్నోడికి దేశంతో పనేంటి?

పాత సెంటర్ హాఫ్

దమ్ము కావాలి, కాదనను. కానీ డ్వయర్‌ని ఎవరైనా లెఫ్ట్ బ్యాక్ ఆడమన్నారా? ఆ స్థాయి వాడికి టీమే అతని చుట్టూ సర్దుకుంటుంది. మనం మాట్లాడుతున్నది రెండో మెట్టు మీద ఉన్నవాళ్ళ గురించి. వాళ్ళే టీముకు సర్దుకోవాలి.

గచ్చిబౌలి గోలీ

మరి మన తూఫాన్స్ గొంజాలో పెయ్యా? 68 లక్షలకు కొన్నారు, ఆ వేలంలో విదేశీ ఆటగాళ్ళలో అతనిదే ఎక్కువ ధర. 2016 రియోలో అర్జెంటీనాకు స్వర్ణం, 11 గోల్స్‌తో టాప్ స్కోరర్. తర్వాత జర్మనీకి మారి 2023లో మన ఒడిశాలోనే ప్రపంచ కప్ గెలిచాడు. రెండు దేశాలు, రెండు పద్ధతులు. అతనికి ఈ బాధ లేదే?

మాన్‌హైమ్ టు మణికొండ

అతను జర్మనీకి ఆడటానికి ముందే మాన్‌హైమ్ క్లబ్‌లో ఏళ్ళ తరబడి ఆడాడు. నిన్న వచ్చి నేడు ఆడినవాడు కాదు. ఇంకోటి, అతని బలం డ్రాగ్ ఫ్లిక్, అంటే పెనాల్టీ కార్నర్‌లో బంతిని కర్రతో ఈడ్చి గోల్‌లోకి విసరడం. అది సూట్‌కేసులో పెట్టుకుని తీసుకెళ్ళే విద్య. పెనాల్టీ కార్నర్ ఏ దేశంలోనైనా అదే దూరం, అదే గోల్. మిడ్‌ఫీల్డర్ పని అలా కాదు, అది పక్కవాళ్ళ మీద ఆధారపడింది.

పాత సెంటర్ హాఫ్

తమ్ముడూ, సగం ఒప్పుకుంటా. పెనాల్టీ కార్నర్ ముగ్గురి పని. గోల్ లైన్ నుంచి బంతిని ఇంజెక్ట్ చేసేవాడు తోసే వేగం, డి (గోల్ ముందు అర్ధవలయం) పైన ఆపేవాడి చేయి, ఆ తర్వాతే ఫ్లిక్. ఆపేవాడు బంతిని అర జాన పక్కకు ఆపాడంటే ఎంత గొప్ప ఫ్లిక్కర్ అయినా కీపర్ ప్యాడ్లకే కొడతాడు. అయినా మిగతా వాళ్ళకంటే వాళ్ళు త్వరగా కుదురుకుంటారు, అది నిజం.

రూల్స్ కూడా చూడండి. 2016, 2017 లీగుల్లో ఫీల్డ్ గోల్‌కి రెండు గోల్స్ లెక్క. అప్పుడు ఫ్లిక్కర్ విలువ ఒక రకం, ఇప్పుడు ఇంకో రకం. ఆటగాడు అదే.

టొరంటో రిటర్న్, కొండాపూర్

ఐస్ హాకీ గురించి ఇక్కడ మాట్లాడొచ్చా? అక్కడైతే ఈ చర్చ ఏటా నడుస్తుంది.

నల్లకుంట నిజం

ఐస్ అంటే మాకు లోయర్ ట్యాంక్‌బండ్ స్నో వరల్డే తెలుసు. అయినా చెప్పండి.

టొరంటో రిటర్న్, కొండాపూర్

హహ. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) రింకు, అంటే మంచు మైదానం, వెడల్పు దాదాపు 26 మీటర్లు. యూరప్ పాత పద్ధతి రింకు 30 మీటర్లు. ఇప్పుడు అక్కడా కొన్ని చిన్నవయ్యాయి. పొడవు దాదాపు ఒకటే. నాలుగు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఆ నాలుగు మీటర్లలోనే ఆలోచించే ఆటగాడు బతుకుతాడు. చిన్న రింకులో పక్ (బంతి బదులు వాడే బిళ్ళ) చేతికొచ్చేలోపు ఒకడు వచ్చి గోడకేసి గుద్దుతాడు.

వదీమ్ షిపచ్యోవ్ అని రష్యన్ సెంటర్. రష్యా పెద్ద లీగ్ కేహెచ్‌ఎల్‌లో పెద్ద పేరు. 2017లో ఎన్‌హెచ్‌ఎల్ కొత్త టీము వెగాస్ తన మొదటి సీజన్‌కి తీసుకుంది. మూడు మ్యాచ్‌లు, ఒక గోల్. కింది లీగ్‌కి పంపారు, ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళాక కేహెచ్‌ఎల్‌ టాప్ స్కోరర్ అయ్యాడు. మోజ్యాకిన్ అని ఇంకొకాయన కేహెచ్‌ఎల్‌లో రికార్డులన్నీ కొట్టి 2021లో రిటైరయ్యాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

కానీ 2015లో అదే కేహెచ్‌ఎల్ నుంచి పనారిన్ షికాగో వచ్చి మొదటి ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు కొట్టాడు. రింకు అందరికీ ఒకటే కదా మరి? నా ఉద్దేశంలో లైన్ తేడా, అంటే కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌ల గుంపు. పనారిన్‌ని వచ్చీ రాగానే ప్యాట్రిక్ కేన్ పక్కన పెట్టారు. మధ్యలో సెంటర్ అనీసిమోవ్, రష్యన్ వాడే. మాట అర్థమయ్యేవాడు పక్కనున్నాడు. టాప్ లైన్‌లో అలవాటైనవాణ్ణి నాలుగో లైన్‌లో, మ్యాచ్‌కి పది నిమిషాలు కూడా దింపకుండా "గోల్స్ ఏవి" అంటే ఎక్కడి నుంచి తెస్తాడు?

తిరుమలగిరి అమ్మ

నేను ఆట ఆడినదాన్ని కాదు. మా పాప ఆడుతుంది. మీ మాటలు చదువుతుంటే మా ఇంటి కథే కనిపించింది, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ పాప లెఫ్ట్ హాఫ్ (ఎడమవైపు మిడ్‌ఫీల్డ్). జిల్లా, రాష్ట్రం అన్నీ ఆ పొజిషన్‌లోనే ఆడింది. ఉత్తరాదిలో ఒక అకాడమీకి సెలెక్ట్ అయింది. అక్కడ లెఫ్ట్ హాఫ్‌లు ఎక్కువున్నారని రైట్ వైపు ఫార్వర్డ్‌లో వేశారు. అందరూ పంజాబీ కలిసిన హిందీలో అరుస్తారు, దీనికి అర్థమయ్యేలోపు బంతి వెళ్ళిపోతుంది. రెండు పూటలా రొట్టెలు. నాలుగు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది. ఫోన్లో ఏడుపు. కోచ్‌ని అడిగితే "లడ్కీ మెంటల్లీ వీక్ హై" అన్నారు. ఇంటికి తెచ్చేద్దామని టికెట్లు కూడా తీశాం.

రెండో ఏడు ఒకమ్మాయికి మోకాలి దెబ్బ తగిలి, పాపని లెఫ్ట్ హాఫ్‌లో వేశారు. పక్కన సెంటర్ హాఫ్ ఒడిశా పిల్ల, దీనికి మంచి దోస్తు. ఆ టోర్నీ నుంచి టీములో పర్మనెంట్. అదే పిల్ల, అవే రొట్టెలు. మావారు తీసిన టికెట్లు మాత్రం క్యాన్సిల్ చేస్తే సగమే వెనక్కొచ్చాయి.

గచ్చిబౌలి గోలీ

అమ్మా, మీరు రాసింది చదివాక నా ఫైనల్ బాధ సగం తగ్గింది. పాపకి ఆల్ ది బెస్ట్.

నల్లకుంట నిజం

సరే, నేనొక మెట్టు దిగుతున్నా. కానీ ఒక్కటి అడుగుతా. మనవాళ్ళు యూరప్ వెళ్ళి ఎందుకు ఎక్కువమంది ఆడట్లేదు? సర్దార్ సింగ్ 2013లో బ్లోమెండాల్‌కి ఆడాడు. అలాంటి పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందేనా?

పాత సెంటర్ హాఫ్

జాతీయ జట్టు పిల్లలు ఏడాదిలో ఎక్కువ భాగం బెంగళూరు సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) క్యాంపులోనే ఉంటారు. ఒక సీజన్ మొత్తం క్లబ్‌కి ఇవ్వాలంటే కుదరదు. మిగతా వాళ్ళకు రైల్వే, పోలీసు, సర్వీసెస్ ఉద్యోగం. లీవు దొరకాలి, ప్రమోషన్ పోకూడదు, ఇంట్లో ఒప్పుకోవాలి. నాకూ ఒకసారి మలేసియా పిలుపొచ్చింది. ఆఫీసులో ఫైలు కదలలేదు. సీజన్ అయిపోయిన మూడు వారాలకు పర్మిషన్ వచ్చింది.

అన్నట్టు ఆదివారం పొద్దున ఆరింటికి మా పాతవాళ్ళం కలుస్తాం, ఒకరు తక్కువయ్యారు. మణికొండ తమ్ముడూ, వస్తావా? లెఫ్ట్ ఇన్ ఖాళీగా ఉంది.

మాన్‌హైమ్ టు మణికొండ

తప్పకుండా వస్తా అంకుల్. కానీ నేను లెఫ్ట్ బ్యాక్ కదా?

పాత సెంటర్ హాఫ్

లెఫ్ట్ బ్యాక్ మా బావమరిది. ఇరవై రెండేళ్ళుగా.