ఎవె అక్షరాలకు బ్రెయిలీ చుక్కలు ఎలా ఎంచుకోవాలి?

అడిగినవారు (ఘానా నుంచి):
మాస్టారూ, నమస్కారం. మేం వోల్టా ప్రాంతంలో ఉంటున్నాం. ఇక్కడి భాష ఎవె. పక్కింటి పాపకు చూపు లేదు, ఇంగ్లిషు బ్రెయిలీ గడగడా చదువుతుంది. వాళ్ల అమ్మమ్మ చెప్పిన కథలు కొన్ని కంప్యూటర్లో ఎక్కించాను. వాటిని ఎవెలోనే చుక్కల్లో అచ్చువేసి ఇద్దామని నా ఆశ. ఇంగ్లిషులో లేని అక్షరాలు ఇందులో ఏడున్నాయి. ఒకటైతే మన డ లాగే ఉంటుంది. మామూలు డీని వీళ్లు ద అంటారు. మన భాషలకు వాడే భారతీ బ్రెయిలీలో డ అంటే 1-2-4-6 చుక్కలు (ఎడమ వరసలో పైనుంచి 1, 2, 3, కుడి వరసలో 4, 5, 6) కదా, అదే పెట్టెయ్యనా? సీ, జే, క్యూ ఎవెలో విడిగా రావు. ఆ సెల్స్ (ఆరు చుక్కల గళ్లు) మిగతా అక్షరాలకు వాడుకోవచ్చా?

బ్రెయిలీ మాస్టారు:
చాలా మంచి పని తలపెట్టావమ్మా. అయితే కొత్త చుక్కలేవీ నువ్వు కట్టొద్దు. ముందు పాపకు చదువు చెప్పే టీచర్‌ని, ఎవె చదివే అంధులైన పెద్దవాళ్లను అడుగు. వరల్డ్ బ్రెయిల్ యూసేజ్ అని దేశాలవారీగా బ్రెయిలీ లిపుల సంకలనం ఉంది, మూడో కూర్పు 2013లో వచ్చింది. అందులోనూ వెతుకు.

మన 1-2-4-6 అక్కడికి మోసుకెళ్లకు. పాప గ్రేడ్ 2 ఇంగ్లిషు, అంటే కుదించి రాసే బ్రెయిలీ చదివి ఉంటే ఆ సెల్ ఆమె వేలికి ‘ఈడీ’ (ed) అనే జంట. ఎవె సరిహద్దు అవతల టోగోలోనూ ఉంది. అక్కడ బడి చదువు ఫ్రెంచిలో, ఆ చదువులో అదే సెల్ నెత్తిన రెండు చుక్కలున్న ‘ఈ’. ఇంకో చిక్కుంది. 1-2-4-6ని అద్దంలో చూస్తే 1-3-4-5, అంటే ‘ఎన్’. పలక మీద స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు తిరగేసి పొడవాలి కదా, కొత్తగా నేర్చే పిల్లలు ఇలాంటి జంటల దగ్గరే తడబడతారు. చిన్నప్పుడు నేనూ తడబడ్డాను.

సీ, జే, క్యూలను అసలు ముట్టుకోవద్దు. కథలో కోజో అనే పేరొస్తే జే కావాలి. అంకె గుర్తు తర్వాత సీ అంటే 3, జే అంటే 0. ఆరు చుక్కలతో 63 సెల్స్ వస్తాయి. ఆంగ్ల అక్షరాలు 26 పోగా మిగిలిన వాటిలోనే విరామ చిహ్నాలు, అంకె గుర్తు, పెద్దక్షరం గుర్తు అన్నీ సర్దుకోవాలి. అందుకే నలుగురూ కూర్చుని తేల్చుకోవాల్సిన పని ఇది. మన దగ్గరా ఒకప్పుడు ఒక్కోచోట ఒక్కో బ్రెయిలీ ఉండేది. 1949లో మన ప్రభుత్వం యునెస్కోను అడిగింది, 1951లో బీరూట్‌లో సమావేశం జరిగింది, ఆ ప్రయత్నంలోంచే భారతీ బ్రెయిలీ వచ్చింది.

సాఫ్ట్‌వేర్ పనిచేసే సభ్యుడు:
అక్కా, ఫైలు ఒకసారి చూసుకోండి. ఆ డ పెద్దక్షరం, క్రొయేషియన్‌లో ఒకటి, ఐస్‌లాండిక్‌లో ఒకటి, మూడూ కంటికి ఒకేలా ఉంటాయి. యూనికోడ్‌లో మాత్రం మూడింటికీ కంప్యూటర్ సంఖ్యలు వేరు. టైపు చేసినవాళ్లు ఏది కొట్టారో తెలీదు. పాత ఫాంటులో కొట్టి ఉంటే ఇంకా కష్టం, యూనికోడ్ కాని మన అను ఫాంట్ల ఫైళ్లలాగే. బ్రెయిలీకి మార్చడానికి లిబ్‌లూయీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దాని పట్టికలు మామూలు టెక్స్ట్ ఫైళ్లే, అక్షరానికి ఒక వరస. చుక్కలు ఖాయమయ్యాక ఆ ఏడు వరసలూ నేను రాసిపెడతాను.

అడిగినవారు:
టీచర్‌గారిని కలిశాను మాస్టారూ. వాళ్లు వాడుతున్న పట్టిక ఆవిడ దగ్గరే ఉంది! అదే తీసుకుంటాను. స్వరం గుర్తులు కూడా పెట్టాలా? ‘మి’ అంటే మీరు, అదే హెచ్చుస్వరంలో పలికితే మేము. అచ్చులో ఆ రెండో దానికే పైన గీత ఉంటుంది.

బ్రెయిలీ మాస్టారు:
అచ్చులో గీత ఉన్నచోట తప్పకుండా పెట్టు. లేనిచోట నువ్వు చేర్చకు, ప్రతి అక్షరానికీ రెండు సెల్స్ తడమాల్సి వస్తే పిల్ల విసిగిపోతుంది. ఆ గుర్తు అక్షరానికి ముందా, తర్వాతా అన్నది కూడా టీచర్‌గారి పట్టిక ప్రకారమే పోనీ. రెండక్షరాలు కలిసి పలికే జీబీ, కేపీ లాంటివి విడిగా రెండు సెల్స్‌లో రాస్తే చాలు.

ముందు ఒక్క పుటే తీసి పాప చేతికివ్వు. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లిందో పక్కన కూర్చుని రాసుకో. కాగితం బరువు (చదరపు మీటరుకు గ్రాముల్లో) 140 జీఎస్‌ఎమ్‌కి తగ్గకుండా చూడు, పల్చటిదైతే నాలుగుసార్లు చదివేసరికి చుక్కలు అణిగిపోతాయి.