వీధంతా కుళాయిలకు మోటార్లు బిగిస్తే, మనమూ బిగించాల్సిందేనా?

లాయర్‌పేట వాసి
మాది ఒంగోలు. మున్సిపల్ నీళ్లు మా వీధికి రోజు మార్చి రోజు, ఒక గంట వదులుతారు. రెండేళ్ల కిందట ఆ గంటలో డ్రమ్ము, ఎనిమిది బిందెలు నిండి ఇంకా మిగిలేవి. ఇప్పుడు ధార చిటికెన వేలంత కూడా లేదు. ఎదురింట్లో, పక్కింట్లో అర హెచ్‌పీ మోటార్లు నేరుగా కుళాయికే బిగించారు. వాళ్లు స్విచ్ వేయగానే మా కుళాయి సుయ్‌మని గాలి లోపలికి లాక్కుంటుంది. మూతి దగ్గర వేలు పెడితే పట్టేసుకుంటుంది. మా ఆయన మనమూ ఒక మోటారు కొందామంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు. మీరేమంటారు?

చివరి ఇల్లు
కొనండి. తప్పు అని చెప్పేవాళ్లంతా లైను మొదట్లో ఉన్నవాళ్లే. మాది వీధి చివర, పైగా మెరక. మంచం పట్టిన అత్తగారు ఉన్నారు, రోజుకు రెండుసార్లు దుప్పట్లు ఉతకాలి. బోరు నీళ్లు ఉప్పన, సబ్బు నురగ రాదు. మోటారు పెట్టాకే మా ఇంట్లో బిందె నిండింది. నీతి కోసం అత్తగారిని ఎండబెట్టమంటారా?

దర్గామిట్ట అబ్బాయి
అక్కా, మాది నెల్లూరు, మాకు పెన్నా నీళ్లే, అయినా ఈ గోల ఇక్కడా ఉంది. మీ కష్టం కాదనను. కానీ మోటారు లాగేది నీళ్లొక్కటే కాదు. పైపులో ప్రెషర్ ఉన్నంతసేపు కంత ఉంటే నీళ్లు బయటికి కారతాయి. మోటారు గట్టిగా పీల్చి లోపల వాక్యూమ్ వస్తే అదే కంతలోంచి బయటి నీళ్లు లోపలికి వస్తాయి. మా సందులో పైపు సైడు కాలువ అడుగునుంచే పోతుంది. పోయిన వానాకాలం మొదటి రెండు బిందెలు మురుగు వాసన వచ్చేవి. మా పాపకు పది రోజులు విరేచనాలు. ఆ నీళ్లే కారణమని రుజువు చేయలేను గానీ, అప్పటినుంచి కాచి చల్లార్చకుండా పాపకు చుక్క కూడా పట్టడం లేదు.

పైపుల పని, సంతపేట
పాతికేళ్లుగా ఇదే పని నాది. ముందు ఒక మాట: మోటారు నీళ్లు పుట్టించదు. సాగర్ కాలువ నీళ్లు సమ్మర్ స్టోరేజీ చెరువుల్లో నింపి, శుద్ధి చేసి, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లోకి ఎక్కించి వదులుతారు. ఆ ట్యాంకు ఎత్తే మన కుళాయి దగ్గర ప్రెషర్. పది మీటర్ల ఎత్తుకు ఇంచుమించు ఒక బార్ (ప్రెషర్‌ను కొలిచే లెక్క). అందులో దారి పొడవునా పైపు రాపిడి కొంత తినేస్తుంది. పైపులో నీటి వేగం రెండింతలైతే రాపిడి నష్టం దాదాపు నాలుగింతలు. అంటే మొదటి పది ఇళ్లలో మోటార్లు తిరిగితే చివరి ఇంటికి మామూలుగా రావాల్సింది కూడా పోతుంది. చివరి ఇల్లు గారూ, మీరు మోటారు కొనాల్సి వచ్చింది బహుశా ఇందుకే.

లాయర్‌పేట అక్కా, డబ్బు పెట్టేముందు మీ సొంత పైపు చూసుకోండి. వీధిలో మోటార్లు ఇంకా మొదలుకాని నిమిషాల్లో బకెట్ పెట్టి టైము చూడండి. అప్పుడు కూడా సన్నగానే వస్తే మీ పైపు మీద అనుమానపడాల్సిందే. మొన్న ఒక ఇంట్లో అరంగుళం జీఐ పైపు కోశాను. పైకి బాగానే ఉంది. లోపల తుప్పు, సున్నపు పొర గడ్డకట్టి పెన్సిల్ దూరేంత కంత మిగిలింది. గోరుతో గీకితే ఇటుక పొడిలా రాలింది. ఆ ముక్క తీసేసి ముప్పావు అంగుళం పైపు వేశాక, 15 లీటర్ల బకెట్ తొమ్మిది నిమిషాలకు నిండేది నాలుగు నిమిషాలకు నిండింది. మోటారు లేదు, ఏమీ లేదు. మెయిన్ లైను దగ్గర కనెక్షన్ మాత్రం మున్సిపాలిటీ ఫిట్టర్ చేతే చూపించండి, మనం తవ్వకూడదు.

ఇంకోటి, సంపు. మూడడుగుల ఎత్తులో ఉన్న కుళాయి బదులు నేలలో మూడడుగుల కిందికి పైపు దించితే ఆరడుగులు కలిసొస్తాయి. ప్రెషర్ బాగా తక్కువున్న చోట ఆ తేడా ధారలోనే కనపడుతుంది. సంపు నిండాక దానికి ఎంత మోటారైనా పెట్టుకోండి, మీ నీళ్లు మీ ట్యాంకుకు ఎక్కుతాయి, ఎవరి వాటా తగ్గదు. మోటార్ల గొడవలో నేను అడ్డంగా వద్దనేది లైనుకు బిగించేదాన్నే.

చివరి ఇల్లు
అద్దె ఇంట్లో సంపు ఎక్కడ తవ్వమంటారు అన్నా? ఓనరు మేకు కొట్టనివ్వడు.

పైపుల పని, సంతపేట
సంపే కానక్కర్లేదమ్మా. కుళాయి కింద గుంట తీసి 200 లీటర్ల డ్రమ్ము సగానికి పైగా దించండి. పైపు మూతి మాత్రం డ్రమ్ములో నీటి మట్టానికి పైనే ఉండాలి. మునిగితే, లైను ఖాళీ అయినప్పుడు డ్రమ్ము నీళ్లు వెనక్కి పోతాయి. గుంట అంచు జానెడు ఎత్తు కట్టి మూత వేయండి, లేకపోతే వాన నీళ్లు దిగుతాయి. ఇంకో సంగతి. తడి నేల మీద, తడి చేతులతో, ఎర్తింగ్ లేని మోటారు ప్లగ్గు పెట్టే ఇళ్లు చాలా చూశాను. నాకు అన్నింటికంటే టెన్షన్ అదే.

చివరి ఇల్లు
డ్రమ్ము సంగతి ఓనరును అడిగి చూస్తాను. కానీ మొదటి ఇళ్లవాళ్లు తీయకుండా నేనొక్కదాన్నే మోటారు తీసేస్తే మా అత్తగారికి నీళ్లుండవు. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

లాయర్‌పేట వాసి
వారం తర్వాత రాస్తున్నాను. మోటారు కొనలేదు. మీటరు నుంచి గుమ్మం దాకా ఉన్న పాత పైపు మార్పించాం, కుళాయిని గుంటలోకి దించాం. నిన్న మోటార్లు మొదలుకాకముందు పన్నెండు నిమిషాల్లో ఆరు బిందెలు నిండాయి. తర్వాత మళ్లీ సుయ్‌మంది. చివరి ఇల్లు అక్క అన్నది నిజమే, మా పైపు ఒక్కటీ మారితే చాలదు. సాయంత్రం ఎదురింటి ఆంటీని పిలిచి, వాళ్ల మోటారు తిరుగుతుండగా మా కుళాయికి వేలు పెట్టి చూడమన్నాను. ఆమె వేలు చటుక్కున తీసేసి, "ఇలా లాగుతుందని నాకు తెలియదే" అన్నారు. సంపుకు ఎంతవుతుందో అడిగారు. సంతపేట అన్నా, వెయ్యి లీటర్లకు ఎంత లోతు తవ్వాలి?

పైపుల పని, సంతపేట
నీళ్లే నాలుగడుగుల లోతు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉంటే వెయ్యికి కొంచెం పైనే పడతాయి. పైన అర అడుగు ఖాళీ వదలండి.