మిల్లు సాఫ్ట్‌వేర్ సర్వర్ మన దగ్గరే ఉంచాల్నా, క్లౌడ్‌కి పోవాల్నా?

మిర్యాలగూడ మిల్లు: అన్నా, మాది రైస్ మిల్లు, ఈఆర్‌పీనెక్స్ట్ (లెక్కలు, స్టాకు చూసే సాఫ్ట్‌వేర్) మీద పన్నెండు మంది పనిచేస్తరు. సర్వర్ ఆఫీసు రూంల బీరువా పక్కన ఉంది, మొన్న విప్పి చూస్తే ఫ్యాన్ నిండా ఊక దుమ్ము, వడ్లు దిగే టైంల కరెంటు పోయి డేటాబేస్ ఖరాబై రెండు రోజులు కాంటా చిట్టీలు చేత్తోనే రాసినం. క్లౌడ్ అంటే నెలనెలా బిల్లు కట్టాలె. ఏం చెయ్యమంటరు?

పాలమూరు తమ్ముడు: మేనేజ్డ్ క్లౌడ్‌కే పో అన్నా, డేటాబేస్ సర్వర్ పని కంపెనీవాళ్లే చూసుకుంటరు. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) హైదరాబాద్ రీజియన్, అంటే ఇక్కడి డేటా సెంటర్లు, 2022 నవంబర్‌లనే మొదలైంది. వాళ్ల డేటాబేస్ సర్వీసు ఆర్‌డీఎస్‌ల మరియాడీబీ (ఈఆర్‌పీనెక్స్ట్ వాడే డేటాబేస్) పెడితే ఆటోమేటిక్ బ్యాకప్‌లు 35 రోజుల దాకా ఉంచుకోవచ్చు. ఈఆర్‌పీ అప్‌డేట్లు మాత్రం వాళ్లు చెయ్యరు, అవి మీరే చూసుకోవాలె.

నకిరేకల్: నేనైతే ఒప్పుకోను. నెట్ పోతే కాంటా ఆగుతది, లారీలు గేటు కాడ లైను కడతయి. మంచి యూపీఎస్ పెట్టు, సర్వర్‌ను దుమ్ము లేని రూంకి మార్చు, రెయిడ్ 1 (ఒకే డేటా రెండు డిస్కులల్ల రాసే పద్ధతి) పెట్టు, కానీ రెయిడ్ బ్యాకప్ కాదు, తప్పున డిలీట్ కొడితే రెండు డిస్కులల్ల పోతది. రోజూ రాత్రి ఒక కాపీ బయటికి పోవాలె, నెలకొకసారి దాన్ని రీస్టోర్ చేసి చూడాలె. మేం చూడక మోసపోయినం, అవసరమొచ్చి తెరిస్తే ఫైలు సైజు సున్నా.

మిర్యాలగూడ మిల్లు: అయితే కాంటా లోకల్‌లనే ఉంచి, రాత్రి బ్యాకప్ క్లౌడ్‌కి పంపుత. రీస్టోర్ ఈ ఆదివారమే చేసి చెప్త.