టర్బో పోయిందంటున్నారు, మార్చేయమంటారా?

లోడుబండి:
పాత హెవీ లారీ. ఆరు సిలిండర్లు, టర్బో (పొగ జోరుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టేది), ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది), మెకానికల్ డీజిల్ పంపు. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు కాబట్టి స్కానర్ పెట్టమని చెప్పకండి. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బూస్ట్ గేజ్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి చూపేది) ఇదివరకు 24 పీఎస్ఐ చూపించేది, నెల రోజులుగా 14 దాటట్లేదు. ఒక గేరు తగ్గించి ఎక్కాల్సి వస్తోంది. నల్లపొగ లేదు. ఎయిర్ ఫిల్టర్ కొత్తదే. షెడ్డులో హోస్ ఊడదీసి, టర్బో షాఫ్ట్ పట్టుకుని ఊపి "ఆడుతోంది, టర్బో మార్చాల్సిందే" అన్నారు. మార్చేయనా?

వెనకచక్రం:
మార్చకు.

పొగటోపీ:
అన్నా, ఆ షాఫ్ట్ పక్కలకి కాస్త ఆడాలి. బుష్ బేరింగుల టర్బోలో షాఫ్ట్ ఇంజిన్ ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇంజిన్ ఆపి, ఆయిల్ కారిపోయాక వేలితో ఊపితే ఆడక ఏం చేస్తుంది? చూడాల్సింది ముందుకీ వెనక్కీ ఆడుతోందా, రెక్కల అంచులు హౌసింగ్‌కి రాసుకున్న గీతలు ఉన్నాయా అని. అవి లేకపోతే టర్బో జోలికి పోకు.

నాకూ ఇదే మాట చెప్పారు. మార్చాను. సమస్య తగ్గలేదు. "ఈ పీసు మంచిది కాదు" అని ఇంకోటి వేశారు. అదీ అంతే. చివరికి మా డ్రైవరు, మెకానిక్ కూడా కాదు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టం) పక్కన మసి చారను చూపించాడు. గ్యాస్కెట్ ఊదేస్తోంది. టర్బోని తిప్పాల్సిన పొగ టర్బో దాకా పోకముందే బయటికి పోతుంటే టర్బో తప్పేముంది? రెండు టర్బోల డబ్బు ఎవడూ తిరిగివ్వలేదు.

గేజ్‌పిచ్చి:
అందరూ అసలు సంగతి వదిలేస్తున్నారు. నల్లపొగ లేదన్నాడు కదా. గాలి తగ్గి డీజిల్ తగ్గకపోతే పొగ నల్లగా రావాలి. రావట్లేదంటే డీజిలే తక్కువ పడుతోంది. టర్బో తిరిగేది మండిన డీజిల్ వేడితో. డీజిల్ తగ్గితే బూస్ట్ తగ్గుతుంది, అంతే. డీజిల్ ఫిల్టర్ మార్చు, ఫీడ్ పంపు ప్రెషర్ చూడు, యాక్సిలరేటర్ నొక్కితే పంపు లీవరు చివరి దాకా వస్తోందో లేదో ఒకరిని లోపల కూర్చోబెట్టి చూడు.

కొత్తడ్రైవర్:
న్యూట్రల్‌లో ఫుల్ రేస్ ఇచ్చి గేజ్ చూడొచ్చుగా?

గేజ్‌పిచ్చి:
న్యూట్రల్‌లో లోడు ఉండదు, బూస్ట్ దాదాపు రాదు. దాంతో ఏమీ తెలియదు.

నట్టుబోల్టు:
పొగ, పొగ అంటున్నావు. ఆ పంపు మీద బూస్ట్ డయాఫ్రమ్ ఉందా లేదా అడిగావా? ఆ కాలం పంపుల్లో చాలా వాటికి ఉంటుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం) నుంచి సన్నటి పైపు వచ్చి పంపు మీది డబ్బాలో కలుస్తుంది. బూస్ట్ పెరిగితేనే పంపు డీజిల్ పెంచుతుంది. అంటే ఇంటర్‌కూలర్ లీకైనా, హోస్ క్లిప్పు వదులైనా, బూస్ట్ పడిపోగానే పంపు డీజిల్ కూడా తగ్గించేస్తుంది. పొగ ఎక్కడ నుంచి వస్తుంది? పొగ లేదు కాబట్టి గాలి తప్పు కాదు అనడం ఈ బండికి చెల్లదు.

ముందు ఇంటర్‌కూలర్ రెండు వైపులా బిగించి 30 పీఎస్ఐ గాలి పట్టండి. 15 సెకన్లలో 5 కంటే ఎక్కువ పడితే లీకు.

గేజ్‌పిచ్చి:
నేను చెప్పిందీ డీజిల్ తక్కువనే కదా.

నట్టుబోల్టు:
కాదు. నువ్వు డీజిల్ కారణం అన్నావు, నేను ఫలితం కూడా కావచ్చు అన్నాను.

గేజ్‌పిచ్చి:
తక్కువ పడుతోందా లేదా? అది చెప్పు.

వెనకచక్రం:
ఎగ్జాస్ట్ బ్రేక్ ఫ్లాప్ (బండి వేగం తగ్గించడానికి పొగ గొట్టాన్ని మూసే రేకు) సగం మూసుకుని ఇరుక్కుందేమో కూడా చూడు. నాకు ఒకసారి అదే.

పొగటోపీ:
నట్టుబోల్టు గారూ, ఇంత తెలిసిన మీ మెకానిక్‌లు మరి షెడ్డులో ఆ గాలి ఎందుకు పట్టరు? షాఫ్ట్ ఊపి రెండు నిమిషాల్లో తీర్పు ఎందుకు?

నట్టుబోల్టు:
మీ టర్బోలు నేను వేయలేదు, ఆ కోపం నా మీద చూపించకండి.

అడిగారు కాబట్టి చెప్తున్నా. గాలి పట్టడానికి హోసులు ఊడదీయాలి, ప్లగ్గులు బిగించాలి, సబ్బు నీళ్లు పోసి ఒక్కో జాయింటు చూడాలి. పూట పోతుంది. చివరికి "లీకు లేదు" అంటే ఓనరు ఏమంటాడు? "ఏమీ మార్చలేదుగా, డబ్బులెందుకు?" టర్బో మార్చితే మారుమాట్లాడకుండా ఇస్తాడు. చేతిలో పాత వస్తువు పెడితేనే మీకు పని చేసినట్టు. వెతికిన పనికి నయాపైసా ఇవ్వరు, ఊహించి మార్చారని మళ్లీ తిట్టేదీ మీరే.

పొగటోపీ:
ఇప్పుడు బయటపడింది. ఓనరు ఇవ్వడని అవసరం లేని టర్బో అంటగడతారా?

నట్టుబోల్టు:
నేను అంటగట్టను. అందుకే నా దగ్గరికి బళ్లు తక్కువ వస్తాయి.

కొత్తడ్రైవర్:
ఇది ధరల చర్చా, టర్బో చర్చా?

లోడుబండి:
నాలుగు రోజులు రాలేకపోయాను, క్షమించండి. చేసినవి చెప్తాను. షాఫ్ట్ ముందుకీ వెనక్కీ ఆడట్లేదు, గీతలు లేవు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర మసి లేదు. డీజిల్ ఫిల్టర్ మార్చాను, తేడా రాలేదు. ఎగ్జాస్ట్ బ్రేక్ ఫ్లాప్ పూర్తిగా తెరుచుకుంటోంది. ఇంటర్‌కూలర్‌కి 30 పట్టాం, 15 సెకన్లకి 28 ఉంది.

తర్వాత నట్టుబోల్టు గారు చెప్పిన సన్న పైపు వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లాను. పంపు దగ్గర ఒక టీ (మూడు దారుల జాయింటు) ఉంది. ఒక కొస డయాఫ్రమ్‌కి, ఇంకోటి క్యాబిన్‌లో గేజ్‌కి. టీ కింద, పైపు బ్రాకెట్‌కి రాసుకుని పలచబడిన చోట, గోరంత చీలిక. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉంటుంది. పైపు వంచితే నోరు తెరుస్తుంది. అంటే గేజ్ అబద్ధం చెబుతోంది, పంపు కూడా ఆ అబద్ధాన్నే నమ్మి డీజిల్ తగ్గిస్తోంది. గేజ్‌ని ఊడదీసి నేరుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి పెట్టి అదే ఎత్తు ఎక్కితే 18. పైపు కొత్తది వేశాక 23.

గేజ్‌పిచ్చి:
చూశారా, డీజిల్ తక్కువే.

నట్టుబోల్టు:
గాలి పైపు బాబూ అది.

పొగటోపీ:
టర్బో కాదు. నేను మొదటి రోజే చెప్పాను.

నట్టుబోల్టు:
లోడుబండి గారూ, ఒక్క మాట. వెతకడానికి ఎంతసేపు పట్టింది?

లోడుబండి:
రెండు సాయంత్రాలు, ఒక ఆదివారం.

నట్టుబోల్టు:
అదే పని మీ షెడ్డువాడు చేసి, జానెడు పైపు ముక్క మీ చేతిలో పెట్టి, అంతసేపటి కూలి అడిగితే ఇచ్చేవారా?

లోడుబండి:
నిజం చెప్పమంటే, గొడవపడేవాణ్ణి.